తీర వలస పక్షుల జన్యు అధ్యయనం: మైటోకాండ్రియా చాలా, మైక్రోశాటిలైట్లా, మొత్తం జీనోమ్ చదవాలా?

"అక్కా, అరవై పిట్టల రక్తం ఫ్రీజర్‌లో ఉంది. మైటోకాండ్రియా సీక్వెన్స్ చేయిస్తే చాలా? లేక డబ్బు పోగేసి మొత్తం జీనోమ్‌కే వెళ్ళమంటావా?" పోయిన సంక్రాంతి తర్వాత, పీహెచ్‌డీ చేస్తున్న ఒక చెల్లి ఫోన్ చేసి అడిగింది. నేను మార్కర్ ఊసు, అంటే డీఎన్ఏలో ఏ ముక్క చదవాలన్న మాట, ఎత్తలేదు. "ఆ పిట్టల్ని ఎక్కడ పట్టారమ్మా, ఏ నెలలో?" అన్నాను. మన తూర్పు తీరంలోనే, జనవరిలో పట్టారట. పోటు ఎక్కి బురద మునిగాక ఇసుక తిన్నె మీద గుంపుగా నిలబడ్డ శాండ్ ప్లోవర్లు అనే చిన్న వలస పిట్టలు.

సగం నిర్ణయం ఆ జవాబులోనే ఉంది. జనవరిలో మన ఒడ్డున పక్కపక్కన నిలబడ్డ రెండు పిట్టలు జూన్‌లో ఎంతో దూరంగా, వేరు వేరు చోట్ల గుడ్లు పెట్టేవి కావచ్చు. పెళ్ళి పందిట్లో కూర్చున్న వాళ్ళందరినీ ఒకే ఊరి వాళ్ళనుకుని జనాభా లెక్క రాస్తే ఎంత తప్పో, చలికాలపు గుంపును ఒకే జనాభా అనుకుని లెక్క కట్టడం అంత తప్పు. మార్కర్ ఎంత ఖరీదైనదైనా ఈ తప్పును దిద్దలేదు.

అందుకే ఏ పద్ధతి ఎంచుకోవాలో చెప్పే ముందు, ఏం అడుగుతున్నామో చూద్దాం.

ప్రశ్న ఏది?

"ఈ పక్షుల్లో ఎన్ని గుంపులున్నాయి?" అని అడిగేవాళ్ళ మనసులో సాధారణంగా నాలుగు వేర్వేరు ప్రశ్నలుంటాయి. ఇవి రెండు జాతులా, ఒకటేనా? ఒకే జాతి అయితే గుడ్లు పెట్టే చోట్ల మధ్య రాకపోకలు ఎంత? ఈ ఒడ్డున మేస్తున్న ఈ పిట్ట ఏ గుంపుది? ఈ పిట్ట ఈ ఏడాది ఎటు పోయి ఎటు వచ్చింది?

నాలుగో ప్రశ్నకు జన్యువులు జవాబు చెప్పవు. దానికి కాలి రింగులు, కాలికి కట్టే రంగు జెండాలు, జియోలొకేటర్లు (వెలుతురును బట్టి చోటు చెప్పే చిన్న పరికరాలు), శాటిలైట్ ట్యాగులు ఉన్నాయి. 2022 అక్టోబరులో ఒక బార్‌టెయిల్డ్ గాడ్విట్ పిల్ల అలాస్కా నుంచి టాస్మానియా దాకా 13,560 కిలోమీటర్లు 11 రోజుల్లో ఎక్కడా దిగకుండా ఎగిరిందని మనకు తెలిసింది దాని వీపు మీది ట్యాగు వల్లే. మన దేశంలో బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ దశాబ్దాలుగా కోడిక్కరైలో, చిలికాలో పట్టి రింగులు వేసిన పక్షుల వల్ల కూడా ఇలాంటి సమాచారం వచ్చింది. మీకు కావాల్సింది దారే అయితే శాంపిల్స్ తీయకండి, ఆ డబ్బు ట్యాగుల మీద పెట్టండి.

మిగతా మూడింటికి జన్యువులు పనికొస్తాయి. కానీ మూడింటికీ ఒకే పనిముట్టు సరిపోదు.

మైటోకాండ్రియా: చవక, పాత కథ, ఒక్క తల్లి వైపే

మైటోకాండ్రియా అంటే కణంలో శక్తి తయారుచేసే భాగం. దానికి సొంత డీఎన్ఏ ఉంటుంది, అది తల్లి నుంచి మాత్రమే వస్తుంది. ఒకటి రెండు ముక్కలు చదివితే చాలు, చిన్న ల్యాబులో కూడా పని అయిపోతుంది. పాత చీలికలు ఉన్న చోట ఇది అద్భుతంగా పలుకుతుంది. డన్లిన్ అనే పిట్ట మీద అలన్ బేకర్ బృందం 1993లో ప్రచురించిన పని దీనికి మంచి ఉదాహరణ. కంట్రోల్ రీజియన్ అనే త్వరగా మారే ముక్కను చదివి, ధ్రువం చుట్టూ ఉన్న డన్లిన్లు స్పష్టమైన శాఖలుగా విడిపోయి ఉన్నాయని చూపించారు. అదే బృందం అదే ముక్కను టర్న్‌స్టోన్ అనే మరో పిట్టలో చదివితే అలాంటి లోతైన విభజన కనిపించలేదు. రెండూ ఉత్తరాన గుడ్లు పెట్టే, దూరం ఎగిరే పక్షులే, పనిముట్టూ అదే. తేడా అంతా ఆ జాతుల చరిత్రలో ఉంది.

రెడ్ నాట్ అనే పక్షి సంగతి ఇంకా కష్టం. ఆరు ఉపజాతులున్నాయి. ఒక్కొక్కటి ఒక్కో దారిన పోతుంది, ఒక్కో చోట గుడ్లు పెడుతుంది. కానీ మైటోకాండ్రియాలో వాటి మధ్య తేడా చాలా తక్కువ. అవన్నీ దాదాపు గత 20,000 ఏళ్ళలోనే విడిపోయి ఉంటాయని 2005 నాటి అధ్యయనం అంచనా వేసింది. మైటోకాండ్రియా గడియారానికి అది నిన్న మొన్నటి మాట. ఇక్కడ "తేడా లేదు" అని రాసి ఊరుకుంటే ఎంత నష్టమో చూడండి. ఇందులో రూఫా అనే ఉపజాతి అమెరికా తూర్పు తీరంలోని డెలావేర్ బేలో గుర్రపునాడా పీతల గుడ్లు తిని బలం పుంజుకుని ఉత్తరానికి పోతుంది. ఆ పీతల్ని మనుషులు విపరీతంగా పట్టడంతో ఈ పక్షుల సంఖ్య పడిపోయింది. 2014 డిసెంబరులో అమెరికా దాన్ని ముప్పు ఉన్న పక్షిగా ప్రకటించింది. మైటోకాండ్రియా తేడా చూపలేదు కాబట్టి మిగతా ఐదు ఉపజాతులు దాని లోటు తీరుస్తాయి అనుకోవడానికి వీల్లేదు.

ఇంకో జాగ్రత్త. మనుషుల రక్తంలోని ఎర్ర కణాలకు కేంద్రకం ఉండదు, పక్షులవాటికి ఉంటుంది. అందుకే ఒక చుక్క రక్తంతో పక్షి డీఎన్ఏ బోలెడంత వస్తుంది, అది మన అదృష్టం. కానీ అదంతా ఎక్కువగా కేంద్రకం డీఎన్ఏ, మైటోకాండ్రియాది తక్కువ. మైటోకాండ్రియా ముక్కల నకళ్ళు కేంద్రకంలో పాతకాలం నుంచీ అతుక్కుని ఉంటాయి. రక్తంతో పీసీఆర్ (డీఎన్ఏ ముక్కను లక్షల ప్రతులుగా పెంచే పద్ధతి) చేస్తే అసలు బదులు ఆ నకలు పెరిగే ప్రమాదం ఉంది. సీక్వెన్స్‌లో ఒకే చోట రెండు శిఖరాలు కనిపించినా, ప్రోటీన్ జన్యువు మధ్యలో ఆగిపోయే కోడ్ వచ్చినా అనుమానించండి. ఈ ఒక్క పొరపాటుతో లేని శాఖ ఒకటి పుట్టుకొస్తుంది.

నా అభిప్రాయం: జాతి గుర్తింపుకు, పాత చీలికలకు మైటోకాండ్రియా ఇప్పటికీ మొదటి మెట్టు. దాన్ని ఒక్కదాన్నే పట్టుకుని "గుంపులు లేవు" అని మాత్రం తేల్చకండి.

మైక్రోశాటిలైట్లు: ఎవరికి ఇంకా పనికొస్తాయి

ఒకప్పుడు ఈ రంగమంతా వీటి మీదే నడిచింది. పది ఇరవై చోట్ల డీఎన్ఏలో మళ్ళీ మళ్ళీ వచ్చే చిన్న ముక్కల పొడవు కొలుస్తాం. తల్లి, తండ్రి ఇద్దరి వైపూ కనిపిస్తుంది. ఉత్తర అమెరికా పైపింగ్ ప్లోవర్ మీద 2010లో వచ్చిన అధ్యయనం మైటోకాండ్రియాను, మైక్రోశాటిలైట్లను కలిపి వాడి, అట్లాంటిక్ తీరం పక్షులు, లోపలి ప్రాంతాల పక్షులు రెండు వేరు ఉపజాతులని గట్టిగా నిలబెట్టింది. తేడా బాగా ఉన్న చోట ఇవి చక్కగా పనిచేస్తాయి.

తేడా సన్నగా ఉంటే చేతులెత్తేస్తాయి. తూర్పు ఆసియా తీరంలో కెంటిష్ ప్లోవర్, వైట్‌ఫేస్డ్ ప్లోవర్ అని రెండున్నాయి. మొహం రంగు చూస్తేనే తేడా తెలుస్తుంది. అయినా 2011లో మైటోకాండ్రియా, మైక్రోశాటిలైట్లు రెండూ వాటి మధ్య చెప్పుకోదగ్గ తేడా చూపలేకపోయాయి. 2019లో జీనోమ్, అంటే పక్షి డీఎన్ఏ, అంతటి నుంచీ వేల గుర్తులు తీసుకుని చూసినప్పుడు, ఇవి జాతులుగా విడిపోయే దశలో ఉన్న రెండు వంశాలని స్పష్టంగా కనిపించింది. కంటికి కనిపించిన తేడాను పరీక్ష చూపలేకపోతే పరీక్షను కూడా అనుమానించాలని నేను దీన్నించే నేర్చుకున్నాను.

మైక్రోశాటిలైట్లతో మరో ఇబ్బంది, ఒక ల్యాబ్ కొలత ఇంకో ల్యాబ్ కొలతతో నేరుగా కలవదు. ఒకే ముక్క ఇక్కడ 182 అని, అక్కడ 184 అని రావచ్చు. వలస పక్షులకు ఐదారు దేశాల డేటా కలపాల్సి వస్తుంది, అప్పుడిది పెద్ద తలనొప్పి. ఇప్పుడు కొత్తగా మొదలుపెట్టేవాళ్ళు వీటి జోలికి పోవద్దనే చెప్తాను. మీ చేతిలో పాత డేటా ఉండి దానికి కొనసాగింపు కావాలన్నా, ఒక చిన్న కాలనీలో ఏ గూటి పిల్లకు ఎవరు తండ్రో తేల్చాలన్నా వాడండి.

డీడీరాడ్, తక్కువ కవరేజీ జీనోమ్: అసలు పోటీ ఈ రెంటి మధ్యే

డీడీరాడ్‌లో రెండు ఎంజైములతో డీఎన్ఏను కోసి, ఒక సైజు ముక్కల్ని మాత్రం చదువుతాం. వేల స్నిప్‌లు, అంటే ఒక్క అక్షరం తేడా ఉన్న చోట్లు, దొరుకుతాయి. ఆ జాతి జీనోమ్ ముందే చదివి ఉండాల్సిన పని లేదు. రెడ్ నాట్ విషయంలో మైటోకాండ్రియా చెప్పలేని కథను 2022లో ఈ పద్ధతే చెప్పింది. మంచుయుగంలో ఒక వంశం ఉత్తర అమెరికా వైపు తలదాచుకుందనడానికి ఆధారం దొరికింది.

దీనికి మంచి డీఎన్ఏ కావాలి. ముక్కలైపోయిన డీఎన్ఏ మీద ఎంజైము కోత సరిగా పడదు. ఈక నుంచో, మ్యూజియంలో వందేళ్ళ నాటి పిట్ట కాలి మెత్త నుంచో తీసిన దానితో డీడీరాడ్‌కు వెళ్తే సగం చోట్లు ఖాళీగా వస్తాయి.

తక్కువ కవరేజీ జీనోమ్ అంటే మొత్తం జీనోమ్‌ను ఒకటి నుంచి మూడు సార్లు మాత్రమే పైపైన చదవడం. ఒక్కో పక్షిలో ప్రతి అక్షరం ఖాయంగా తెలియదు. అందుకే "ఇది ఫలానా అక్షరం" అని తేల్చేయకుండా సంభావ్యతలతోనే లెక్క నడుపుతాం. దీనికి రిఫరెన్స్ జీనోమ్, అంటే పోల్చి చూసుకోవడానికి ముందే పూర్తిగా చదివి పెట్టిన జీనోమ్, ఒకటి కావాలి. పక్షుల జీనోమ్ చిన్నది, దాదాపు 120 కోట్ల అక్షరాలు. కాబట్టి ఖర్చు పాలిచ్చే జంతువులతో పోలిస్తే తక్కువే. రఫ్, కిల్‌డియర్ లాంటి తీర పక్షుల జీనోమ్‌లు ఎప్పుడో వచ్చేశాయి, దగ్గరి చుట్టం జీనోమ్‌తో కూడా పని జరుగుతుంది.

రెంటిలో ఏది? ఈ రోజు కొత్తగా మొదలుపెడుతూ, రక్తం శాంపిల్స్ ఉండి, దగ్గరి చుట్టం జీనోమ్ ఒకటి దొరికితే నేను తక్కువ కవరేజీ జీనోమ్‌నే ఎంచుకుంటాను. ఆ డేటా పదేళ్ళ తర్వాత ఇంకో ప్రశ్నకు కూడా పనికొస్తుంది, వేరే దేశం వాళ్ళ డేటాతో కలుస్తుంది. కంప్యూటర్ సాయం, లెక్కలు తెలిసిన మనిషి లేకపోతే డీడీరాడ్ సులువు. పూర్వం జనాభా ఎప్పుడు పెరిగి ఎప్పుడు తగ్గిందో కావాలంటే మాత్రం రెండూ చాలవు. గుంపుకు ఒకటి రెండు పక్షుల్ని కనీసం 20 సార్ల కవరేజీతో చదివించాలి.

ఏది చేసినా ఒక్కటి మర్చిపోకండి. గుడ్లు పెట్టే చోటైన లదాఖ్ పక్షుల శాంపిల్స్ అన్నీ ఒక ప్లేటులో (ల్యాబులో శాంపిల్స్ వేసే గుంతల పళ్ళెం), తీరం పక్షులవన్నీ ఇంకో ప్లేటులో పెట్టి పంపొద్దు. ప్లేటుకు ప్లేటుకు మధ్య ల్యాబులో వచ్చే తేడా, గుంపుల మధ్య తేడాలా కనిపిస్తుంది. అన్ని చోట్ల పక్షుల్నీ కలగలిపి పెట్టండి.

రఫ్ పక్షి నేర్పే పాఠం కూడా ఒకటుంది. మన చెరువుల దగ్గరికి కూడా చలికాలం వచ్చే పక్షి ఇది. మగ రఫ్‌లలో మూడు రకాలున్నాయి. వాటి మధ్య తేడాకు మూలం జీనోమ్‌లో తిరగబడి అతుక్కున్న 45 లక్షల అక్షరాల ముక్క. అది దాదాపు 38 లక్షల ఏళ్ళ క్రితం తిరగబడిందని 2016లో తేలింది. ఇలాంటి ముక్క ఉన్న జాతిలో స్నిప్‌లన్నీ కలిపి, పక్షికో చుక్క చొప్పున గ్రాఫ్ వేస్తే చుక్కలు విడివిడి గుత్తులుగా పడొచ్చు. అవి మూడు ప్రాంతాల గుంపులనుకుంటాం. నిజానికి ఒకే చెరువులో మేసే మూడు రకాల పక్షులు. గుత్తులు కనిపించగానే సంబరపడకుండా, ఏ క్రోమోజోము వల్ల విడిపోతున్నాయో ఒక్కొక్కటిగా తీసి చూడండి.

రక్తమా, ఈకా?

వీలైతే రక్తమే. రెక్క చాపి, మోచేయి దగ్గర లోపలి వైపు ఈకల్ని స్పిరిట్ దూదితో పక్కకు తీస్తే నీలంగా నరం కనిపిస్తుంది. సన్నని సూదితో ఒక్క పోటు పొడిస్తే గురిగింజంత రక్తపు బొట్టు పైకి వస్తుంది. గాజు గొట్టం ఆనిస్తే దానంతట అదే ఎక్కుతుంది. దూది పెట్టి ఒక నిమిషం నొక్కి పట్టాలి. లిటిల్ స్టింట్ బరువు పాతిక గ్రాములు ఉంటుంది. బరువులో ఒక శాతం దాటి రక్తం తీయకూడదన్నది ఒప్పుకున్న హద్దు. మనకు 50 మైక్రోలీటర్లు చాలు కాబట్టి ఆ హద్దు దరిదాపుల్లోకి కూడా పోనక్కర్లేదు. నొక్కి పట్టినంత సేపూ ఆ చిన్న గుండె వేళ్ళకు తగులుతూనే ఉంటుంది. ఆ క్షణంలోనే నాకు ప్రతిసారీ అనిపిస్తుంది, ఈ శాంపిల్ వృథా కాకూడదని.

ఈక తీయడం సులువు. జాతి గుర్తింపుకు, మైటోకాండ్రియాకు సరిపోతుంది. మొదట్లో మేము ఒకసారి తడి ఆరని ఈకల్ని ప్లాస్టిక్ కవర్లలో వేసి బిగించాం. రెండు వారాల్లో బూజు పట్టి, నలభై పక్షుల శ్రమ పోయింది. అప్పట్నుంచి కాగితం కవర్లు వాడుతున్నాం, పేర్లు పెన్సిల్‌తో రాస్తున్నాం. ఇథనాల్ తగిలితే పెన్ను సిరా కరిగిపోతుంది.

గుడ్లు పెట్టే చోట శాంపిల్ తీస్తే ఒక గూటికి ఒక్క పిల్ల నుంచే తీయండి. అన్నాచెల్లెళ్ళు కలిస్తే లేని గుంపు పుడుతుంది. మైక్రోశాటిలైట్లకు చోటుకు 25 నుంచి 30 పక్షులు కావాలి. వేల స్నిప్‌లతో అయితే ఎనిమిది పది పక్షులతోనే గుంపుల మధ్య తేడా కొలవచ్చు. మన దేశంలో ఈ పనికి అటవీ శాఖ అనుమతి తప్పనిసరి. శాంపిల్స్ దేశం బయటికి పంపాలంటే చెన్నైలోని జాతీయ జీవవైవిధ్య సంస్థ నిబంధనలూ చూసుకోవాలి. ఆ కాగితాలు తేలడానికి నెలలు పడుతుంది, ముందే మొదలుపెట్టండి. బయటికి పంపకుండా ఇక్కడే చేయించగలిగితే ఇంకా మేలు. హైదరాబాద్ అత్తాపూర్‌లో సీసీఎంబీ (కణ, అణు జీవశాస్త్ర పరిశోధన కేంద్రం) వారి లాకోన్స్ వన్యప్రాణుల జన్యు పనికే పెట్టిన ల్యాబ్.

"తేడా లేదు" అని వస్తే?

తీర పక్షుల్లో చాలాసార్లు వచ్చే ఫలితం ఇదే. దాన్ని ఎలా చదవాలో తెలియక చాలామంది కంగారు పడతారు.

ఒక కారణం, నిజంగానే అంతా కలిసిపోవడం. అలాస్కాలో 100 మగ పెక్టోరల్ శాండ్‌పైపర్లకు ట్యాగులు వేసి చూస్తే, ఒకే సీజన్‌లో కొన్ని పక్షులు ఆర్కిటిక్ అంతా తిరుగుతూ 24 చోట్ల దాకా జత కోసం వెతికాయని 2017లో ప్రచురితమైంది. అలాంటి జాతిలో గుంపులు ఎక్కడ నిలుస్తాయి?

రెండో కారణం మోసం చేస్తుంది. తరానికి ఒకటి రెండు పక్షులు అటూ ఇటూ మారి గుడ్లు పెడితే చాలు, జన్యువుల్లో తేడా పెద్దగా పెరగదు. కానీ ఒక తీరంలో బురద నేలలు పూడ్చి పది వేల పక్షులు పోతే, ఆ ఒకటి రెండు పక్షులు వచ్చి ఆ లోటు పూడ్చలేవు. జన్యుపరంగా ఒకటే, సంఖ్యల పరంగా వేరు. రిపోర్టులో "తేడా లేదు" అని రాసే ప్రతి చోటా ఈ మాట పక్కనే రాయమని నా విద్యార్థులకు చెప్తాను. లేకపోతే ఆ ఒక్క వాక్యం చూపించి "ఈ చిత్తడి నేల పోయినా పర్లేదు" అనేవాళ్ళు ఉంటారు.

తేడా ఉండి కూడా ఇన్నాళ్ళూ కనిపించకపోవడం మూడోది. దక్షిణ భారతం, శ్రీలంక తీరాల్లో ఏడాదంతా ఉండిపోయే చిన్న ప్లోవర్లను కెంటిష్ ప్లోవర్‌లో భాగమనే అనుకున్నారు. చలికాలం ఉత్తరం నుంచి వచ్చే అసలు కెంటిష్ ప్లోవర్లూ అక్కడే మేస్తాయి. కొలతలు, జన్యువులు కలిపి చూసి 2023లో దాన్ని వేరే జాతి అన్నారు, రెండు దేశాల మధ్య సేతువును తలచుకుని హనుమాన్ ప్లోవర్ అని పేరు పెట్టారు. పది లక్షల ఏళ్ళకు పైగా విడిగా ఉన్న వంశం అది. నల్లతోక గాడ్విట్‌లోనూ ఇలాగే జరిగింది. చైనా బోహాయ్ తీరంలో పట్టిన పక్షులు తెలిసిన ఉపజాతుల కొలతలకు సరిపోలేదు, డీఎన్ఏ కూడా వేరుగా వచ్చింది. 2021లో బోహాయీ అనే కొత్త ఉపజాతి పేరు వచ్చింది. రెండు చోట్లా స్కేలు, త్రాసు, డీఎన్ఏ కలిసి పనిచేశాయి. పిట్టను పట్టినప్పుడు ముక్కు, రెక్క, కాలు కొలవకుండా వదిలేయడం అన్నిటికన్నా ఖరీదైన పొదుపు.

చెల్లికి ఏం చెప్పాను

శాండ్ ప్లోవర్ల పేర్లే ఈ మధ్య మారాయి. లెస్సర్ అని ఒకే పేరుతో పిలిచిన పక్షుల్ని ఇప్పుడు టిబెటన్, సైబీరియన్ అని రెండు జాతులు చేశారు. జీనోమ్ అంతా పోల్చినప్పుడు ఆ రెండూ ఒకదానికొకటి అతి దగ్గరి చుట్టాలు కావని, గ్రేటర్ శాండ్ ప్లోవర్ కూడా ఈ చుట్టరికం మధ్యలోకి వస్తుందని 2022లో తేలింది. మన ఒడ్డున ఎక్కువగా ఉండేవి టిబెటన్‌వే, వాటి మధ్య గ్రేటర్‌లూ మేస్తుంటాయి. చలికాలపు బూడిద రంగులో వీటిని విడదీయడం అనుభవం ఉన్నవాళ్ళకూ కష్టమే.

కాబట్టి ముందు అరవైకీ మైటోకాండ్రియా ఒక్క ముక్క చదివించమన్నాను. ఏది ఏ జాతో తేలుతుంది, ఖర్చూ తక్కువ. ఆ తర్వాత టిబెటన్‌గా తేలిన వాటిలోంచి ఇరవై మంచి శాంపిల్స్ తీసి పక్కన పెట్టమన్నాను, జీనోమ్‌కు ఇప్పుడే పంపొద్దన్నాను. ఎందుకంటే పోల్చడానికి గుడ్లు పెట్టే చోటి పక్షులు లేవు. లదాఖ్ వైపు పని చేసేవాళ్ళతో మాట్లాడి, అనుమతులు తీసుకుని, వచ్చే జూన్, జూలైలో అక్కడ పది పన్నెండు పక్షుల రక్తం సంపాదిస్తే, రెండూ ఒకే ప్లేటులో కలిపి తక్కువ కవరేజీ జీనోమ్‌కు వెళ్ళొచ్చు. అది కుదరకపోతే థీసిస్ ప్రశ్ననే మార్చుకుని "ఈ ఒడ్డున చలికాలం ఏ జాతులు, ఏ పాళ్ళలో ఉన్నాయి" అని పెట్టుకోమన్నాను. దానికి మైటోకాండ్రియా, కొలతలు చాలు. నిజాయితీగా జవాబు చెప్పగల ప్రశ్న అది.

"మరి ఫ్రీజర్ కరెంటు పోతే అక్కా?" అంది. ప్రతి శాంపిల్‌ను రెండు సీసాలుగా చేసి, ఒకటి ఇథనాల్‌లో వేసి వేరే గదిలో పెట్టమన్నాను. ఆ సాయంత్రమే కూర్చుని చేసిందట, నూట ఇరవై లేబుళ్ళూ పెన్సిల్‌తో.